చాందీ పక్కన ఎవరు కూర్చున్నారు

జనగామ
20 జనవరి 1982

తమ్ముడు సంజీవకు,

పోయినసారి వచ్చినప్పుడు నువ్వు అంటగట్టిపోయిన పని మొదలుపెట్టాను. "అడవిల నేను కొండముచ్చులను చూస్త, ఊర్ల నువ్వు కోతులను చూడక్కా. నీ అంత ఒద్దికగల్ల మనిషి మా ప్రొఫెసర్ దగ్గర గూడ లేడు" అని నువ్వంటే, భూపాలపల్లి బళ్లో నువ్వు చదువు చెప్పే పిల్లలను బుజ్జగించినట్టు నన్నూ బుజ్జగిస్తున్నావనుకున్నాను. తీరా కూర్చుంటే పని బాగానే ఉంది. మీ బావ తాలూకా కచేరీకి పోయాక వంటిల్లు కడుక్కుని డాబా మీదికి పోతున్నాను. ఎదురింటి గూనపెంకుల మీదికి కోతుల గుంపు ఎండకు వస్తుంది.

చూసింది ఒక వైపు, అనుకున్నది ఇంకో వైపు రాయాలన్నావు. అది నాకు కొత్త కాదు. డబ్బాలో ఉన్న పప్పును, ఉందనుకున్న పప్పును కలిపి రాసుకుంటే ఏ ఇల్లూ గడవదు.

చూసింది: పెద్ద ఆడకోతి ముందు కూర్చుంటుంది. దాని వెనుక ఒకటి కూర్చుని పేలు చూస్తుంది, దాని వెనుక ఇంకొకటి. వరుసలో అన్నిటికన్నా వెనుక ఒక ముదురు కోతి ఉంది. అది ముందుదాని వీపు శ్రద్ధగా చూస్తుంది. దాని వీపు ఎవరూ చూడరు. అప్పుడప్పుడు చేయి వెనక్కి పెట్టి తనే గోక్కుంటుంది.

అనుకున్నది: ఏమీ రాయలేదు.

ఇంకొకటి చూశాను, అది కోతుల సంగతి కాదు. మధ్యాహ్నం పక్కింటి ఓదెమ్మ అరుగు మీద ఆడవాళ్లం వరుసగా కూర్చుని తలలు చూసుకుంటాం. నేను ఓదెమ్మ తల చూస్తాను. నా వెనుక ఎవరూ కూర్చోరు. ఇన్నేళ్లుగా అంతే ఉందని కోతులను చూశాక తెలిసింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఎవరింట్లోనైనా పిల్లను తొట్టెలలో వేసిన రోజున మిఠాయి ఇంటికి పంపుతారు. పిలవరు, అంతే.

సాయంత్రం వచ్చి మీ బావ "ఏమంటున్నయి నీ కోతులు?" అంటారు. "మీకంటె ఎక్కువనే మాట్లాడుతున్నయి" అంటాను. ఆ పూటకు మా మాటలు అయిపోతాయి.

వేళకు తిను.

నీ అక్క
అరుంధతి


భూపాలపల్లి
11 ఫిబ్రవరి 1982

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెనుక కూర్చున్న ముదురు కోతి సంగతి ప్రొఫెసర్ గారికి చెప్తే, "మీ అక్కగారు ఏం చదివారు?" అని అడిగారు. మానుకోట బళ్లో ఏడో తరగతి అన్నాను. మహబూబాబాద్ అనాలని తెలుసు గానీ, మన ఊరి పేరు నా నోటికి మానుకోట అనే వస్తుంది.

ఇక్కడ పెద్ద కబురు. చాందీ ఈనింది! ఒళ్లు వెండిలా మెరుస్తుందని నేను పేరు పెట్టుకున్న కొండముచ్చు అదే. పిల్ల నల్లగా, బొగ్గు ముక్కలా ఉంది. పుట్టిన పూటే గుంపులో ఆడవన్నీ చుట్టూ చేరాయి. ఒకటి ఎత్తుకుంటుంది, ఇంకొకటి గుంజుకుంటుంది. అందరికన్నా ఆత్రం ఒక ముసలిదానికి. దానికి సత్తమ్మ అని పేరు పెట్టాను. పెళ్లిళ్లలో ఎవరి పిల్ల ఏడ్చినా లాక్కుని ఎత్తుకునేది కదా మన సత్తమ్మ చిన్నమ్మ, అచ్చం అట్లాగే! చిన్నమ్మకు మాత్రం చెప్పకు.

ఇంకో సంగతి. ఈ గుంపుల్లో ఆడవి పుట్టిన చోటే ఉంటాయి. తల్లి, అక్క, చెల్లె, చిన్నమ్మ చచ్చేదాకా ఒక్కచోటే. వయసు వచ్చాక గుంపు విడిచిపోయేది మగవి. మన ఇళ్లలో ఈ లెక్క తిరగబడింది.

నేను అద్దెకు ఉంటున్న ఇంటి దుర్గయ్య నిన్న అరుగు మీద అందరి ముందు అన్నాడు: "సారూ, కొండెంగల పెండ్లాం పిల్లల పేర్లన్ని రాసుకుంటవు. మరి నీ పెండ్లాం పేరేంది?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గదిలోకి వచ్చి స్టవ్ వెలిగించాక మాత్రం, ఆ మాట ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది.

నీ తమ్ముడు
సంజీవ


జనగామ
2 మార్చి 1982

తమ్ముడు సంజీవకు,

ఆడవి పుట్టిన గుంపులోనే ఉంటాయన్న మాట మీ బావకు చదివి వినిపించాను. "అయితే నేను మానుకోటకు రావాల్సి ఉండె" అన్నారు. చాలా రోజులకు చేసిన పరాచికం, అందుకే రాస్తున్నాను.

నేను అక్కడినుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మళ్లీ వెళ్లి నెలల తరబడి ఉన్నది ఒక్కసారే, తెలంగాణ గొడవల్లో రైళ్లు ఆగిన ఏడాది. నువ్వప్పుడు కాలేజీ పిల్లలతో పాటు వరంగల్ జైల్లో ఉన్నావు. ఆ సంగతి ఇప్పుడెందుకు.

చాందీ గురించి నాలుగు ప్రశ్నలు. పిల్లను మొదట ఎవరు ఎత్తుకున్నారు? ఎత్తుకున్నవాళ్లు తిరిగి ఇస్తారా, చాందీ పోయి గుంజుకోవాలా? చేతులు మారుతున్నప్పుడు చాందీ పిల్లను చూస్తుందా, ఎత్తుకున్నదాన్ని చూస్తుందా? పిల్ల ఆడదా, మగదా? ఆఖరుది నువ్వు రాయలేదు. ముందు రాయాల్సింది అదే.

నీ అక్క
అరుంధతి


భూపాలపల్లి
29 మార్చి 1982

అక్కకు,

నీ ప్రశ్నలకు జవాబులు వెతుకుతుండగానే అంతా మారిపోయింది. చాందీ పిల్ల చచ్చిపోయింది.

పొద్దున వెళ్లేసరికి అది కదలడం లేదు. ఒంటి మీద దెబ్బ లేదు. చాందీ మాత్రం వదల్లేదు. ఒక చేత్తో పొట్టకు అదుముకుని మూడు కాళ్ల మీద నడిచింది. ఈగలు తోలింది. బొచ్చు సవరించింది. సత్తమ్మ ఒకసారి తీసుకుని, వాసన చూసి, తిరిగి ఇచ్చేసింది. రోజులు గడిచినా చాందీ అట్లాగే తిరిగింది. పిల్ల ఎండి తోలు ముక్కలా అయింది.

ఒకనాడు వాగు దగ్గర నీళ్లు తాగడానికి పిల్లను రాతి మీద పెట్టింది. దుర్గయ్య వాళ్లు అటే పోతున్నారు. "హనుమంతుని బిడ్డ. కుక్కల పాలు చేస్తమా సారూ?" అన్నాడు. కొత్త తువ్వాలలో చుట్టి తీసుకుపోయారు. నేను కాసేపు వాగు దగ్గరే ఆగి వెళ్లేసరికి ఊరంతా కదిలింది. పసుపు, కుంకుమ, భజన. హనుమాన్ల గద్దె పక్కన గుంత తీసి పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. దుర్గయ్య కళ్లలో నీళ్లు చూశాను. అంత ప్రేమగా చేస్తుంటే అడ్డుపడలేకపోయాను.

వాళ్లు పిల్లను తీసుకుపోగానే వాగు దగ్గర నేను చూసింది ఇది: చాందీ నీళ్లు తాగి తిరిగి చూసేసరికి రాతి మీద పిల్ల లేదు. ఆ రాయి చుట్టూ తిరిగింది. ఎండుటాకులు ఎత్తి ఎత్తి చూసింది. నేను అంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో అరిచింది. పొద్దుగూకితే గుంపు చెట్లకు వెళ్లిపోయింది. చాందీ వాగు దగ్గరే ఉండిపోయింది. మరునాడు కూడా అక్కడే ఉంది.

మనుషులు పిల్లను తీసుకున్నాక తల్లి ఏం చేస్తుందో ఇంత దగ్గరగా చూడడం అరుదని, చాలా విలువైన సంగతి దొరికిందని ప్రొఫెసర్ గారు సంతోషించారు. వ్యాసం రాయమన్నారు. నీకే మొదట రాస్తున్నాను.

నీ తమ్ముడు
సంజీవ


జనగామ
6 ఏప్రిల్ 1982

సంజీవకు,

ఉత్తరం అందింది. ఎండలు ముదిరాయి. మీ పక్క రేగొండకు వస్తున్న మనిషితో మామిడికాయ తొక్కు పంపాను. తడి చెంచా పెట్టకు.

కోతుల పని ఇక నా వల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకో.

అరుంధతి


జనగామ
19 ఏప్రిల్ 1982

తమ్ముడు సంజీవకు,

మొన్న పొడిగా రాశాను. నువ్వు నొచ్చుకుని ఉంటావు. ఇది ఓపికగా చదువు.

నీ ఉత్తరంలో నేను రాయి దగ్గర ఆగిపోయాను. నీళ్లు తాగడానికి పిల్లను పెట్టింది. ఆ కాసేపట్లోనే తీసుకున్నారు.

పెళ్లయి పదేళ్లు దాటాక నాకు కడుపు నిలిచింది. తొలి కాన్పు కాబట్టి మన ఇంటికి వచ్చాను. నొప్పులు వచ్చేనాటికి రైళ్లు లేవు, బస్సులు లేవు. మీ బావకు కబురు అందలేదు. నొప్పుల దాకా నాకు అన్నీ గుర్తున్నాయి. ఆ తరువాత ఏమీ లేదు. జ్వరం తగ్గి లేచేసరికి ఒడి ఖాళీ. అమ్మ ఒక్క మాట అంది: "పుట్టంగనే పోయింది బిడ్డా. నువ్వు చూడకపోవుడే మంచిగయింది."

ఆడో మగో అడగలేదు. అడిగే ఓపిక వచ్చేనాటికి అది అడగరాని సంగతి అయిపోయింది. మీ బావ ఏం విన్నారో, ఎవరి దగ్గర విన్నారో ఈనాటికీ తెలియదు. మా ఇంట్లో ఆ మాట లేదు.

ఇన్నేళ్లుగా నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది. కూరగాయలు తరుగుతున్నప్పుడో, నిద్ర నుంచి లేచేటప్పుడో నా ఎడమ చేతి మీద బరువు ఉన్నట్టుంటుంది. నొప్పి కాదు, బరువు. దాన్ని చూసిన వైపు రాయాలో, అనుకున్న వైపు రాయాలో నాకు తెలియదు. చూడని పిల్ల బరువు చేతికి ఎట్లా తెలుస్తుంది? మతి చలించిందా అని కూడా అనుకున్నాను.

ఆ గదిలో ఉన్నవాళ్లలో అమ్మ పోయింది, బాపు పోయిండు. మిగిలింది నాకు కాన్పు చేసిన మంత్రసాని యాకమ్మ ఒక్కతే. వానలు పడేలోపు ఆమెను కూతురు కాళేశ్వరం దగ్గర గోదావరి దాటించి తీసుకుపోతుందని సత్తమ్మ చిన్నమ్మ రాసింది. పోతే మళ్లీ దొరకదు. నువ్వు మానుకోట వెళ్లు. ఆమెను రెండే అడుగు. ఆడపిల్లా, మగపిల్లాడా? నేను చూశానా, లేదా?

నేనే పోవచ్చు. కానీ నా ముందు కూర్చుంటే ఆమె కూడా అమ్మలాగే అంటుందని భయం.

నీ అక్క
అరుంధతి


భూపాలపల్లి
9 మే 1982

అక్కకు,

వెళ్లి వచ్చాను. యాకమ్మ బాగా పెద్దదైపోయింది. చూపు ఆనడం లేదు. పాత సంగతులేవీ గుర్తులేవంది. అన్ని కాన్పులు చేసిన మనిషికి ఒకటి ఎట్లా గుర్తుంటుంది? నాకైతే అమ్మ చెప్పిందే నిజమనిపిస్తుంది. ఆ బరువు కూడా నీరసం వల్లేనేమో. ఒకసారి దవాఖానలో చూపించుకో. జరిగిపోయింది తవ్వుకుంటే మిగిలేది బాధే. మరచిపోవడం మంచిది.

నువ్వు పంపిన తొక్కు బాగుంది. దుర్గయ్య ఇంట్లో వాళ్లకు కూడా ఇచ్చాను. ఇక్కడ ఒక పెద్దగాలి వాన పడింది.

నీ తమ్ముడు
సంజీవ


జనగామ
17 మే 1982

సంజీవా,

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ముందు పెట్టుకున్నాను. చాందీ ఏ చేత్తో పిల్లను పట్టుకుందో రాశావు. ఎన్ని కాళ్ల మీద నడిచిందో రాశావు. ఎండుటాకులు ఎత్తి చూసిందని కూడా రాశావు. యాకమ్మ ఎక్కడ కూర్చుందో రాయలేదు. నిన్ను చూసి ఏమన్నదో రాయలేదు. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన మనిషి, నువ్వు గడప దగ్గర నిలబడితే ఒక్క మాటైనా అనకుండా ఉంటుందా?

ఈ ఉత్తరంలో ఉన్నదంతా అనుకున్నదే. చూసిన వైపు ఖాళీ. నువ్వు చూసింది నాకు చెప్పలేదు.

అమ్మ నన్ను కాపాడాలనుకుంది. దుర్గయ్య కూడా కాపాడాలనే తువ్వాలలో చుట్టాడు. ఇప్పుడు నువ్వు. ఇంతమంది కాపాడితే నేను పదమూడేళ్లుగా ఆ రాయి చుట్టూ తిరుగుతున్నాను. నన్ను కాపాడకు తమ్ముడూ. చెప్పు.

అరుంధతి


భూపాలపల్లి
26 మే 1982

అక్కా,

యాకమ్మకు అంతా గుర్తుంది.

ఆమె వాకిట్లో వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది. పేరు చెప్పగానే, "అరుంధతమ్మ ఏది? నువ్వొక్కనివే వచ్చినవా?" అంది. ఆ తరువాత చెప్పింది. బస్టాండు దాకా నడుస్తూ ఏడ్చాను. నీకు రాయాలని నాలుగు కాగితాలు పాడుచేశాను. నేను రాస్తే అది నా ఉత్తరం అవుతుంది. అది ఆమె నోటితో నువ్వు వినాల్సిన మాట. నువ్వు తట్టుకోలేవని నాకు నేనే అనుకున్నాను. అదీ అనుకున్న వైపే రాసుకో.

వెంటనే బయలుదేరు. కూతురు వచ్చే వారమే తీసుకుపోతుందట.

చాందీ గుంపులోకి తిరిగి వచ్చింది. వచ్చింది గానీ, చివరి కొమ్మ మీద ఒక్కతే కూర్చుంటుంది. ఇంకా ఎవరూ దగ్గరికి రాలేదు. వ్యాసం రాయనని ప్రొఫెసర్ గారికి చెప్పాను.

సంజీవ


మహబూబాబాద్
31 మే 1982

తమ్ముడు సంజీవకు,

సత్తమ్మ చిన్నమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆమె ఎవరి పిల్లనో ఎత్తుకుని వాకిట్లో తిరుగుతోంది. నువ్వు పేరు బాగానే పెట్టావు.

నిన్న మీ బావ జనగామ స్టేషన్ దాకా వచ్చారు. ఎందుకు పోతున్నానో చెప్పాను. ఇన్నేళ్లలో ఆ మాట మా మధ్య పడడం అదే మొదలు. "నన్నెవలూ చూడనియ్యలే. నేను వచ్చేసరికి అంత అయిపాయె. నిన్ను అడిగితె ఏమైతవో అని అడుగలే" అన్నారు. "నేనూ గంతే" అన్నాను. రైలు వచ్చింది. కిటికీలోంచి సంచి అందించి, "ఏం చెప్పినా నాకు గూడ చెప్పు. కొంచెం గూడ దాయకు" అన్నారు.

యాకమ్మ నువ్వు చెప్పిన చోటే ఉంది. "ఎవలూ?" అంది. చెప్పాను. "కింద కూసో. ఇటు తిరిగి కూసో" అని నన్ను మంచం ముందు కూర్చోబెట్టుకుని నా కొప్పు విప్పేసింది. కళ్లు కనిపించవు కదా, వేళ్లతో తడుముతూ తల చూడడం మొదలుపెట్టింది. "నెత్తి ముగ్గుబుట్ట అయినట్టుందే" అంది. "నీకెట్ల తెలుస్తది, కనవడకపాయె" అన్నాను. "తెల్ల ఎంటిక గరుకుంటది. నాకు చెప్తవా?" అంది. నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే చెప్పింది.

"ఆడపిల్ల. పొద్దు పొడువంగ పుట్టింది. ఏడ్చింది గూడ, పిల్లికూన తీరు సన్నగ. పసులు ఇంటికొచ్చే యాళ్లదాక బతికింది."

"నేను చూసిన్నా?" అన్నాను.

"చూసినవా అంటవేందే! ఇడిస్తివా ముందు? మీ అవ్వ అడిగింది, ఇయ్యలే. మీ బాపు అడిగిండు, ఇయ్యలే. పానం పోయినంక గూడ ఇయ్యలే. ఇగో, గీ చేతి మీదనే పెట్టుకున్నవు" అని వెనుక నుంచి తడుముకుంటూ నా ఎడమ చేయి పట్టుకుంది. "పండుకున్నది, లేపకుండ్రి అన్నవు. తెల్లారినంక జరం మీదికొచ్చి నీ చెయ్యి వదులైంది. గప్పుడు తీసినం. యాదికి రాకుంటెనే బతుకుతది, ఎవ్వలు చెప్పొద్దని మీ అవ్వ నాతోని ఒట్టేయించుకున్నది. మొన్న నీ తమ్ముడు వచ్చి నువ్వే అడుగుమన్నవని చెప్పిండు. నువ్వే అడిగినంక ఇగ ఎవల కోసం దాయాలె?"

పిల్లను రైలుకట్ట పక్క తుమ్మల్లో పెట్టారట. పోయి చూశాను. తుమ్మలు లేవు. ఇళ్లు కట్టారు. ఒక ఇంటి ముందు చిన్న గౌన్లు ఆరేసి ఉన్నాయి. కాసేపు నిలబడి వచ్చాను.

నువ్వు నేర్పినట్టే రాస్తున్నాను. మీ బావకు కూడా ఇదే కాగితం చూపిస్తాను.

చూసింది: తల్లి పిల్లను ఎడమ చేతి మీద పెట్టుకుంది. పిల్ల ఆడది. తల్లి దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. బతికి ఉన్నంతసేపూ చూస్తూనే ఉంది. చేయి వదులయ్యేదాకా వదల్లేదు.

అనుకున్నది: ఏమీ లేదు.

చెప్పడం అయిపోయాక కూడా యాకమ్మ నన్ను లేవనివ్వలేదు. పాయ పాయ తీసి చూస్తూనే ఉంది. ఒక్క పేను కూడా దొరకలేదు. "ఒక్కటి గూడ లేదు, ఏం నెత్తే నీది" అని కసురుకుంది గానీ వేళ్లు ఆపలేదు. ఎండ వేపచెట్టు దాటి మంచం మీదికి వచ్చింది. నేను అట్లాగే కూర్చున్నాను. నా వెనుక ఒకరు కూర్చుని ఎన్నేళ్లయిందో లెక్క వేయబోయి, మానుకున్నాను.

ఎల్లుండి జనగామ వెళ్తాను. కోతుల పని మళ్లీ మొదలుపెడతాను. వెనుక కూర్చునే ఆ ముదురుదాన్ని చూడాలి.

చాందీ దగ్గరికి ఎవరైనా వస్తే వెంటనే రాయి. ఎవరు వచ్చారు, ఎటు నుంచి వచ్చారు, ముందు చేయి వేసింది ఎక్కడ, అన్నీ రాయి. రాకపోతే రాలేదనే రాయి. నేను చదువుతాను.

నీ అక్క
అరుంధతి